పట్టా, అక్షరము, పేరు: తిరువూరు ప్రాంత స్త్రీలకు ఓటు వచ్చిన మార్గము

ఉపోద్ఘాతము

1921 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు శాసనమండలి ఒక తీర్మానము చేసింది. స్త్రీ అన్న కారణముతో ఎవరి పేరునూ ఓటర్ల జాబితా నుండి తొలగించరాదన్నది ఆ తీర్మాన సారాంశము. బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రములలో ఇట్టి తీర్మానము చేసిన మొదటి రాష్ట్రము మద్రాసు. ఆనాడు తిరువూరు మద్రాసు రాష్ట్రములోని కృష్ణా జిల్లాలో ఒక తాలూకా. కాబట్టి భారతదేశ స్త్రీల ఓటుహక్కు చరిత్రలో తొలి పుట మన ప్రాంతమునకు కూడా చెందినదే. దీనికి నూరేండ్లు 2021లో నిండినవి. కరోనా భయములో ఉన్న ఆ సంవత్సరములో మన ఊళ్ళలో దీనిని జ్ఞాపకము చేసుకొన్నవారు అరుదు.

అయితే చట్టములో ద్వారము తెరవబడుట వేరు, ఆ ద్వారములో నుండి మనిషి లోపలికి వెళ్ళగలుగుట వేరు. మన ప్రాంత స్త్రీకి ఓటు ఒక్క దినమున రాలేదు. 1921లో భూమి పట్టా ఉన్న స్త్రీకి వచ్చింది. 1935 చట్టము తరువాత అక్షరము వచ్చిన స్త్రీకి వచ్చింది. 1950 రాజ్యాంగము తరువాత పేరు చెప్పుకొనగలిగిన ప్రతి స్త్రీకీ వచ్చింది. పట్టా, అక్షరము, పేరు అను ఈ మూడు ద్వారములను వరుసగా పరిశీలించి, ఒక్కొక్క ద్వారము వద్ద ఎవరు లోపలికి వెళ్ళారు, ఎవరు బయట నిలిచిపోయారు, క్రైస్తవ సంఘము అక్కడ ఏమి చేసింది అని అడుగుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

1. తీర్మానమునకు ముందు

స్త్రీల ఓటు ఎక్కడో ఇంగ్లండులో పుట్టి ఓడ ఎక్కి వచ్చిన ఆలోచన అని తలంచువారున్నారు. అది సగము మాత్రమే నిజము. మన ప్రాంతములో నేల ముందుగానే దున్నబడినది. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరములో బాలికల పాఠశాల స్థాపించారు. 1883లో స్త్రీల కొరకు సతీహితబోధిని అను పత్రికను ఆరంభించారు.

మనకు ఇంకా సమీపమైన పేరు భండారు అచ్చమాంబ. ఈమె 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో జన్మించారు. ఆ ఊరు నేడు తిరువూరుతో పాటు ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్నది. బాల్యవివాహము జరిగిన ఈమెకు పాఠశాల చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ఆయన ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చుకొన్నారు. ఆ అక్షరములతోనే దేశములోని గొప్ప స్త్రీల జీవితములను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథము వ్రాసారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నములో బృందావన స్త్రీ సమాజమును స్థాపించారు. 1905లో, ఇంకను యౌవనములో ఉండగానే మరణించారు. స్త్రీలు ఒకచోట కూడుకొని, అధ్యక్షురాలిని ఎన్నుకొని, చర్చించి, తీర్మానము చేయుట కృష్ణా జిల్లాలో శాసనమండలి తీర్మానము కంటె దాదాపు ఇరువది సంవత్సరాలు ముందే ఆరంభమైనదని దీనివలన తెలియుచున్నది.

1915లో ఐర్లండు దేశస్థురాలైన మార్గరెట్ కజిన్స్ భర్తతో కూడా మన దేశమునకు వచ్చి మదనపల్లెలో పనిచేసారు. ఆమె స్వదేశములో స్త్రీల ఓటు కొరకు పోరాడి చెరసాలకు వెళ్ళినవారు. 1917లో ఆమె, డొరొతీ జినరాజదాస, అనీబిసెంటు మొదలగువారు మద్రాసులోని అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను ప్రారంభించారు. అదే సంవత్సరము డిసెంబరులో భారత వ్యవహారముల మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు, హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీనాయుడు నాయకత్వములో స్త్రీల ప్రతినిధివర్గము ఆయనను కలిసి, పురుషులకు ఇచ్చు షరతుల మీదనే స్త్రీలకు కూడా ఓటు ఇవ్వవలెనని కోరింది.

ఓటుహక్కును విచారించిన సౌత్‌బరో సంఘము ఈ కోరికను అంగీకరించలేదు. దేశాచారములు, ఘోషా పద్ధతి ఇందుకు అడ్డు అని చెప్పింది. 1919లో సరోజినీనాయుడు, అనీబిసెంటు, హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠాన్ టాటా లండనులో పార్లమెంటు సభ్యుల ముందు తమ వాదన వినిపించారు. చివరకు 1919 చట్టము క్రింద, స్త్రీలకు ఓటు ఇవ్వవలెనో వద్దో ఆయా రాష్ట్ర శాసనమండళ్ళే నిర్ణయించుకొనవచ్చునని వదలివేసారు. ఆంగ్ల ప్రభుత్వము తప్పించుకొన్న నిర్ణయమును మద్రాసు శాసనమండలి మొదటి సంవత్సరములోనే తీసుకొన్నది. అప్పుడు అధికారములో ఉన్నది జస్టిస్ పార్టీ. మద్రాసును అనుసరించి బొంబాయి 1921లోనే, సంయుక్త రాష్ట్రములు 1923లో, బెంగాలు 1925లో, పంజాబు 1926లో ఇదే పని చేసినవి.

ఒక విషయము గమనించదగినది. ఇంగ్లండులో 1918లో స్త్రీలకు ఓటు ఇచ్చినప్పుడు ముప్పది సంవత్సరాలు నిండిన స్త్రీలకే ఇచ్చారు. పురుషులతో సమానముగా ఇచ్చినది 1928లో. మద్రాసులో మాత్రము 1921లోనే వయస్సు విషయములో, అర్హతల విషయములో స్త్రీపురుష భేదము లేదు. కాగితము మీద చూచినట్లయితే మద్రాసు స్త్రీ లండను స్త్రీ కంటె ముందున్నది. కాగితము క్రింద ఏమున్నదో ఇక చూద్దాము.

2. మొదటి ద్వారము: పట్టా

ఆనాటి ఓటు ఆస్తి మీద ఆధారపడినది. పల్లెలలో సంవత్సరమునకు కనీసము పది రూపాయల శిస్తు గల భూమి పట్టాదారునిగానో, ఇనాందారునిగానో, జమీందారు క్రింద రైతుగానో నమోదైనవారికే ఓటు. పట్టణములలో పురపాలక సంఘమునకు పన్ను కట్టువారికి, ఆదాయపు పన్ను కట్టువారికి ఓటు. ఈ కొలతబద్ద పురుషులలోనే అధిక సంఖ్యాకులను బయట నిలిపింది. స్త్రీల విషయము చెప్పనవసరము లేదు.

ఒక మోతుబరి కుటుంబమును ఊహించుకొనండి. పది ఎకరముల మాగాణి ఉన్నది. ఆ పొలములో ఊడ్చినది, కలుపు తీసినది, కోసినది, నూర్చినది, ధాన్యము గాదెకు చేర్చినది ఇంటి ఆడవారు, కూలి ఆడవారు. పట్టా మాత్రము ఇంటి యజమాని పేరున ఉన్నది. ఆయన చనిపోయిన తరువాత కుమారుల పేరున మారుతుంది. ఉమ్మడి కుటుంబములో హిందూ ధర్మశాస్త్రము ప్రకారము భార్యకు మనోవర్తియే గాని వాటా లేదు. కుమారులు ఉండగా కుమార్తెకు వారసత్వము లేదు. అయితే భర్త అన్నదమ్ములనుండి విడిపోయి, మగ సంతానము లేక మరణించినట్లయితే, భార్యకు ఆ భూమి మీద తన జీవితకాలము వరకు హక్కు వచ్చేది. అనగా పట్టా ద్వారమున ఓటు పొందిన స్త్రీలలో కుమారులు లేని విధవలు ఎక్కువగా ఉండియుందురని చట్టమును బట్టి ఊహించవచ్చును.

ఇది ఆలోచింపదగిన సంగతి. శుభకార్యములో ఎదురు రాకూడదని సమాజము ప్రక్కకు నెట్టిన స్త్రీయే 1923 ఎన్నికలలో, ఈ రాష్ట్రములో స్త్రీలు మొదటిసారి ఓటు వేసినప్పుడు, ఊరి పెద్దల ప్రక్కన ఓటరుగా నిలువగలిగినది. ముత్తైదువకు లేని హక్కు ఆమెకు వచ్చింది. చట్టము ఆమెను గౌరవించినందున కాదు, శిస్తు పుస్తకములో ఆమె పేరు ఉన్నందున.

క్రైస్తవ స్త్రీల స్థితి దీనికి తలక్రిందుగా ఉన్నది. క్రైస్తవులకు 1865 నాటి భారత వారసత్వ చట్టము వర్తించేది. ఆ చట్టము ప్రకారము వీలునామా లేక మరణించిన తండ్రి ఆస్తిలో కుమారునికి, కుమార్తెకు సమాన భాగము. 1925లో ఆ చట్టమును తిరిగి వ్రాసినప్పుడు కూడా ఈ నియమము నిలిచింది. హిందూ కుమార్తెకు మన రాష్ట్రములో ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా కల్పించినది 1980లలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము. దేశమంతటా అది వచ్చినది 2005లో. కాబట్టి న్యాయశాస్త్రము దృష్టిలో కృష్ణా జిల్లా క్రైస్తవ స్త్రీ ఎంతో ముందున్నది. అయితే ఆమె తండ్రికి పంచి ఇచ్చుటకు భూమి ఏదీ?

ఈ జిల్లాలో సంఘము ఎట్లు పెరిగినదో జ్ఞాపకము చేసుకొనవలెను. చర్చి మిషనరీ సొసైటీ తరపున రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు 1841లో మచిలీపట్నములో పని ఆరంభించారు. నోబుల్ పాఠశాలలో చదివినవారు అగ్రవర్ణముల యువకులు. గ్రామములలో సంఘము పెరిగినది మాత్రము 1859లో రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్య బాప్తిస్మము పొందిన తరువాత. ఆయన మాల కులస్థుడు. ఆయన తరువాత మాలపల్లెలు, ఆ పిమ్మట మాదిగపల్లెలు గుంపులుగా సంఘములో చేరినవి. వారిలో బహుమంది పాలేర్లు, కూలీలు. సమాన వాటా ఇచ్చు చట్టము ఉన్నది, వాటా వేయుటకు సెంటు భూమి లేదు. 1921 తీర్మానము తిరువూరు తాలూకాలోని క్రైస్తవ పల్లెలలో ఎందుకు సంతోషధ్వని పుట్టించలేకపోయినదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజము ఎదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యములో భాగము అడిగిన సంగతి మనమెరుగుదుము. తండ్రికి కుమారులు లేనందున ఆయన పేరు ఎందుకు మాసిపోవలెనని వారు అడిగిరి. భూమికిని పేరుకును ఉన్న సంబంధమును వారు ఎంత చక్కగా గ్రహించారో చూడండి. వారికి న్యాయము జరిగినది. కాని ఆ న్యాయము కూడా అన్నదమ్ములు లేని కుమార్తెలకే పరిమితమైనది. మన 1923 నాటి ఓటర్ల జాబితా ఆ అధ్యాయము వద్దనే ఆగియున్నది.

3. సరిహద్దుకు ఇటు, అటు

తిరువూరు చరిత్రలో సరిహద్దును మరచిపోకూడదు. విజయవాడ నుండి మైలవరము మీదుగా తిరువూరు దాటిన కొద్దిసేపటికే తెలంగాణ వస్తుంది. ఆ కాలములో అది నిజాము రాజ్యము. ఇటు మద్రాసు రాష్ట్రములో అర్హత చాలినంత కాకపోయినను ఓటు అనునది ఉన్నది. అటు మధిర, ఖమ్మము వైపున సామాన్య ప్రజలు ఓటు వేసి ఎన్నుకొను శాసనసభయే లేదు. పురుషునికే లేని ఓటు స్త్రీకి ఎట్లు వస్తుంది? సరోజినీనాయుడు పుట్టిన హైదరాబాదులోని స్త్రీలకు, ఆమె మాంటేగును అడిగిన హక్కు దక్కుటకు ఇంకను మూడు దశాబ్దములు పట్టినది.

సంఘము మాత్రము ఈ గీతను లెక్కచేయలేదు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా వేదనాయగము శామ్యూలు అజరయ్య అభిషేకింపబడ్డారు. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయన. దోర్నకల్ నిజాము రాజ్యములో ఉన్నది. 1920 ప్రాంతములో కృష్ణా జిల్లాలోని చర్చి మిషనరీ సొసైటీ సంఘములు కూడా ఆ అధ్యక్ష మండలము క్రిందకు వచ్చినవి. ఆ విధముగా సరిహద్దుకు ఇరువైపుల స్త్రీలు ఒకే ప్రార్థన పుస్తకము వాడిరి, ఒకే బిషప్పు చేత హస్తనిక్షేపణము పొందిరి. బిషప్పుగారి భార్య అన్బు అజరయ్య మదర్స్ యూనియన్ పనిని పల్లెలకు తీసుకొని వెళ్ళారు. ఒకే సహవాసములో కూర్చున్న ఇద్దరు స్త్రీలలో ఒకరి రాజ్యములో ఓటు అను మాట ఉన్నది, మరియొకరి రాజ్యములో అది లేదు. కాని దేవాలయము బయట ఇద్దరి బ్రతుకు ఇంచుమించు ఒక్కటే, ఎందుకనగా ఇటువైపు స్త్రీకి కూడా పట్టా లేదు.

4. రెండవ ద్వారము: అక్షరము

1926లో నియమములు సడలింపబడి స్త్రీలు శాసనమండలికి పోటీ చేయు అవకాశము వచ్చింది. ఆ సంవత్సరము మంగుళూరు ప్రాంతమునుండి కమలాదేవి చటోపాధ్యాయ పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలికి నియమింపబడి, ఉపాధ్యక్షురాలుగా ఎన్నికయ్యారు. అయినను ఓటరు స్త్రీల సంఖ్య పెరుగలేదు. పట్టా అను ద్వారము ఇరుకైనది.

1935 భారత ప్రభుత్వ చట్టము ఆ ద్వారము ప్రక్కన మరికొన్ని ద్వారములు పెట్టినది. అర్హత గల పురుషుని భార్యకు ఓటు, సైనికుని పింఛను పొందు విధవకు లేక తల్లికి ఓటు. వీటితో పాటు చదువను వ్రాయను వచ్చినట్లు రుజువు చేసికొన్నవారికి ఓటు. దేశములో ఓటరు స్త్రీల సంఖ్య దాదాపు 3 లక్షల నుండి 60 లక్షలకు పైగా పెరిగింది. భర్త ఆస్తిని బట్టి భార్యకు ఓటు ఇచ్చుటను అఖిల భారత మహిళా సభ అంగీకరించలేదు. భార్య అయినందువలన కాదు, మనిషి అయినందువలన ఓటు కావలెను, వయోజనులందరికి కావలెను అని వారు వాదించారు. వారి వాదన సరియైనదని 1950లో తేలింది.

అయితే మన చరిత్రకు ముఖ్యమైనది అక్షరము అను ద్వారము. పట్టా తండ్రి ఇవ్వవలెను, భర్త అర్హత భర్త వలన రావలెను. అక్షరము ఒక్కటే స్త్రీ తనంతట తాను సంపాదించుకొనగలిగినది. సెంటు భూమి లేని మాలపల్లె స్త్రీకి ఓటు పొందు మార్గము చట్టములో మొట్టమొదట కనబడినది ఇక్కడనే.

ఇక్కడ మిషను పాఠశాలల పాత్రను తగ్గించి చెప్పకూడదు, పెంచి చెప్పకూడదు. 1880లో ఆరంభమైన జెనానా మిషను వారు మచిలీపట్నము ప్రాంతములో ఇండ్లకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పారు. పల్లెలలో ఉపదేశి మగపిల్లలకు, ఆడపిల్లలకు కలిపి చెట్టుక్రింద గాని, ప్రార్థన మందిరములో గాని అక్షరములు దిద్దించేవాడు. ఆయన భార్యయే ఎన్నో చోట్ల ఆడవారికి గురువు. వీరిలో చదువు వచ్చినవారు బైబిలు స్త్రీలుగా ఊరూరు తిరిగిరి. కూలి పని ముగిసిన తరువాత దీపము వెలుతురులో ఒక్కొక్క అక్షరము చూపించి వారు సువార్త చదివించినప్పుడు ఎన్నికల సంగతి వారి తలపులో లేదు. మిషనరీల తలపులో కూడా లేదు. అయినను 1937 ఎన్నికల నాటికి ఆ అక్షరమే రాజకీయ హక్కుకు తాళపుచెవి అయినది.

మరియొక ప్రక్క కూడా చెప్పవలెను. సామూహికముగా సంఘములో చేరిన పల్లెలలో స్త్రీలలో అధిక సంఖ్యాకులు వాక్యములను, కీర్తనలను కంఠస్థము చేసినవారే గాని చదువ నేర్చినవారు కారు. కీర్తన నోటికి వచ్చుట చట్టము దృష్టిలో అక్షరాస్యత కాదు. ఆడపిల్లను నాలుగవ తరగతి వరకైనను బడిలో ఉంచని కుటుంబములు, అట్లు ఉంచుమని గట్టిగా చెప్పని సంఘములు కూడా ఆ నాటి ఓటర్ల జాబితాలోని ఖాళీలకు బాధ్యులే.

5. వేరు జాబితా

క్రైస్తవుల ఓటు విషయములో మరియొక చిక్కు ఉన్నది. 1919 చట్టము క్రింద మద్రాసు శాసనమండలిలో భారతీయ క్రైస్తవులకు 5 స్థానములు ప్రత్యేకింపబడినవి. 1935 చట్టము క్రింద ఏర్పడిన 215 మంది సభ్యుల శాసనసభలో అవి 8 అయినవి. ఇవి గాక స్త్రీలకు 8 స్థానములు ఉంచి, వాటిలో ఒకటి ముస్లిము స్త్రీకి, ఒకటి భారతీయ క్రైస్తవ స్త్రీకి కేటాయించారు. కాబట్టి క్రైస్తవ స్త్రీ పేరు ఊరి సాధారణ జాబితాలో గాక క్రైస్తవుల జాబితాలో ఉండేది.

బిషప్పు అజరయ్య ఈ ఏర్పాటును వ్యతిరేకించారు. ప్రత్యేక నియోజకవర్గములు సంఘమును పొరుగువారినుండి వేరుచేసి ఒక రాజకీయ కులముగా మార్చునని ఆయన భయపడ్డారు. ఆ భయము అర్థము లేనిది కాదు. కాని పల్లె స్త్రీ వైపునుండి చూచినప్పుడు మరియొక ప్రశ్న వస్తుంది. ఊరి జాబితాలో ఆమె ఉండినట్లయితే, ఊరి అభ్యర్థి ఆమె గుమ్మము ముందుకు వచ్చి ఓటు అడుగవలసి వచ్చేది. పెద్ద ఇంటివారు మాలపల్లెలోని స్త్రీని పేరు పెట్టి పిలిచి, ఆమె అభిప్రాయము అడుగవలసిన దినము మరికొంత ముందుగా వచ్చియుండేది. ప్రత్యేక జాబితా మైనారిటీలకు రక్షణగా ఉద్దేశింపబడినది. ఊరిలో అంటరానితనమునకు అది ఏ విధముగాను అడ్డు రాలేదు.

6. మూడవ ద్వారము: పేరు

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చింది. 326వ అధికరణము వయోజనులందరికి ఓటు ఇచ్చింది. రాజ్యాంగ సభలో ఉన్న పదిహేనుమంది స్త్రీలలో మన దుర్గాబాయి ఒకరు. పట్టా అడుగలేదు, అక్షరము అడుగలేదు. ఇరువది యొక్క సంవత్సరాలు నిండినవా అని మాత్రమే అడిగినది. 1989 నుండి అది పదునెనిమిది అయినది.

అయితే ఇంకొక ద్వారము మిగిలియున్నది. జాబితాలో వ్రాయుటకు పేరు కావలెను. మొదటి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ ఎదుర్కొన్న పెద్ద సమస్య ఇదే. ఉత్తరాదిన అనేక ప్రాంతములలో స్త్రీలు తమ పేరు చెప్పుటకు ఇష్టపడలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అనియే వ్రాయించుకొన్నారు. సొంత పేరు లేని నమోదును అంగీకరించరాదని ఆయన నిర్ణయించినందున, దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితా నుండి తొలగింపబడినవి. వీరిలో అధికులు బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారతము మొదలగు రాష్ట్రములవారు.

మన మద్రాసు రాష్ట్రము ఆ పట్టికలో ముందున లేదు. అయినను భర్త పేరు భార్య నోట పలుకకపోవుట, భార్యను భర్త 'ఏమేవ్' అనియే పిలుచుట, కోడలిని ఊరు 'ఫలానావారి కోడలు' అనియే ఎరుగుట మన ప్రాంతములో కూడా కొత్త కాదు. దళిత స్త్రీ విషయములో ఆమెకు పేరు ఉన్నను ఆసాములు దానిని సరిగా పలుకక కురచచేసి పిలిచేవారు.

ఈ చోట మన సంఘముల పాత పుస్తకములు ఒక సాక్ష్యము ఇచ్చుచున్నవి. బాప్తిస్మపు రిజిస్టరులో స్త్రీకి ఒక వరుస ఉన్నది. అక్కడ ఆమె పేరు, తండ్రి పేరు, తేదీ వ్రాయబడినవి. వివాహపు రిజిస్టరులో ఆమె సంతకము గాని, వ్రేలిముద్ర గాని ఉన్నది. మార్తమ్మ, మరియమ్మ, రూతమ్మ, ఎస్తేరమ్మ అని పాదిరి బల్ల దగ్గర గట్టిగా పలికిన ఆ పేర్లు రెవెన్యూ రికార్డులో ఎక్కడను లేవు. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు స్త్రీలను పేరుపేరున జ్ఞాపకము చేసినట్లు, ఆ రిజిస్టర్లు కూలి స్త్రీని పేరుగల మనిషిగా నిలబెట్టినవి. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఓటు వేయుటకు వచ్చిన ఈ స్త్రీలకు ఉన్న మూలధనము ఇదియే. సరిహద్దుకు అవతలి హైదరాబాదు రాష్ట్ర స్త్రీలు కూడా అవే ఎన్నికలలో మొదటిసారి శాసనసభకు ఓటు వేసారు. 1921లో వేరైన రెండు వైపులు ఈ పెట్టె వద్ద కలిసినవి. 1956 నవంబరు 1న రాష్ట్రమే ఒకటైనది. 2014 జూన్ 2న సరిహద్దు తిరిగి వచ్చినది గాని, ఈసారి ఇరువైపుల స్త్రీలకు ఓటు ఉన్నది.

ఒక అన్యాయము మాత్రము అదే 1950లో ఆరంభమైనది. షెడ్యూల్డు కులముల గూర్చి ఆ సంవత్సరము వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఆ జాబితా నుండి మినహాయించినది. సిక్కులను 1956లోను, బౌద్ధులను 1990లోను చేర్చుకొన్నప్పుడు కూడా క్రైస్తవులను చేర్చలేదు. ఓటు వేయు హక్కు అందరిది. రిజర్వు స్థానములో నిలువబడు హక్కు వేరు నియమమునకు లోబడినది. దళిత క్రైస్తవ స్త్రీ కులము వలన ఊరి చివరను, మతము వలన జాబితా వెలుపలను నిలిచినది.

7. ఓటు నుండి నిర్ణయమునకు

ఓటు ఉన్నంత మాత్రమున స్త్రీ మాట చెల్లుతుందా? దీనికి మన రాష్ట్రములో మంచి ఉదాహరణ సారా వ్యతిరేక ఉద్యమము. 1990ల ఆరంభములో నెల్లూరు జిల్లాలో అక్షరదీపము కార్యక్రమము జరుగుచున్నప్పుడు, దూబగుంట గ్రామములో రాత్రి బడికి వచ్చిన కూలి స్త్రీలు సారా దుకాణమును మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అట్లు ప్రసిద్ధమైనది. ఆ సంగతి అక్షరదీపము వాచకములో పాఠమైనది, పాఠము చదివిన ఊరెల్ల ఉద్యమమైనది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడినది. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానము చేసిన పార్టీ గెలిచి, 1995 జనవరిలో దానిని అమలు చేసింది. 1997లో దానిని సడలించారు. 1935 చట్టములో అక్షరము ఓటుకు ద్వారము, 1992లో అక్షరము ఓటుకు బలము. ఓటును అడుక్కొను వస్తువుగా గాక అడుగు ఆయుధముగా మన స్త్రీలు వాడిన దినములవి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు ఇచ్చింది. మన రాష్ట్రములో 2011లో అది సగమైనది. 2009 శాసనసభ ఎన్నికలలో తిరువూరు నియోజకవర్గము నుండి దిరిశం పద్మజ్యోతి ఎన్నికయ్యారు. 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశములో స్త్రీల పోలింగు శాతము మొదటిసారి పురుషుల శాతమును స్వల్పముగా దాటింది. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో పురుషులకంటె స్త్రీలే అధికము. శాసనసభలలో, లోక్‌సభలో మూడవవంతు స్థానములు స్త్రీలకు ఇచ్చు 106వ రాజ్యాంగ సవరణ 2023లో జరిగింది గాని, జనగణనను, నియోజకవర్గముల పునర్విభజనను దానికి ముందు షరతుగా పెట్టారు. నూరేండ్ల క్రిందట పట్టా అడిగినవారు నేడు లెక్క అడుగుచున్నారు.

పల్లెలలో సర్పంచి పదవి భార్యది, కుర్చీ భర్తది అను మాట నేటికిని వినబడుచున్నది. నోటుకు ఓటు అను రోగము కూడా ముదిరినది. మూడు ద్వారములు దాటుటకు ముప్పది సంవత్సరాలు పట్టిన హక్కును ఒక చీరకు, కొన్ని నోట్లకు ఇచ్చివేయుట ఎంత చౌక బేరమో స్త్రీల సమాజములలో చెప్పవలసిన బాధ్యత మనది.

8. సంఘమునకు ఒక ప్రశ్న

దేశము 1950లో స్త్రీకి సంపూర్ణమైన ఓటు ఇచ్చింది. సంఘము ఎప్పుడు ఇచ్చింది? అక్షరము నేర్పి, పేరు వ్రాసి, స్త్రీని ఓటరుగా సిద్ధపరచిన సంఘమే తన కమిటీ బల్ల వద్ద ఆమెకు చోటు ఇచ్చుటకు ఆలస్యము చేసింది. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడినను, స్త్రీలకు గురుపట్టాభిషేకము 1976లో గాని ఆరంభము కాలేదు. ఆ సంఘములో మొదటి స్త్రీ బిషప్పుగా ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలమునకు అభిషేకింపబడినది 2013లో. ఈ గౌరవము కూడా తెలుగు నేలకే దక్కినదని సంతోషింపవలెను. నేటికిని అనేక గ్రామ సంఘములలో కానుక లెక్కించు బల్ల చుట్టు పురుషులే కూర్చుందురు. ఆ కానుకలో సగము పిడికెడు బియ్యముగా స్త్రీలు కూడబెట్టినదే అయినను.

ముగింపు

స్త్రీల ఓటు చరిత్ర ఢిల్లీలోను, మద్రాసులోను మాత్రమే వ్రాయబడలేదు. పెనుగంచిప్రోలులో తమ్ముని పలక మీద అక్షరములు దిద్దుకొన్న ఒక బాలిక, పట్టా పుస్తకములో పేరు మిగిలిన ఒక విధవ, దీపము పట్టుకొని పల్లెకు వెళ్ళిన ఒక బైబిలు స్త్రీ, రిజిస్టరులో తన పేరు ప్రక్కన వ్రేలిముద్ర వేసిన ఒక కూలి స్త్రీ దానిని వ్రాసినవారే.

కాబట్టి ఈ ప్రాంతములో సేవచేయుచున్న తోటి పాదిరులకు, వేదాంత విద్యార్థులకు ఒక మనవి. మీ సంఘముల పాత బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లు చెదలు పట్టక ముందే వాటికి నకళ్ళు తీయించండి. మొదటి ఎన్నికలలో ఓటు వేసినవారిలో సజీవులుగా ఉన్నవారు నేడు బహు అరుదు. కాని తల్లి చెప్పగా, అమ్మమ్మ చెప్పగా విన్న కుమార్తెలు, మనుమరాండ్రు ఉన్నారు. ఎవరి పేరు జాబితాలో ఎట్లు వ్రాయబడినది, బూతుకు ఎవరితో కలిసి వెళ్ళారు, ఎవరు అడ్డుకొన్నారు అని అడిగి వ్రాసికొనండి. పేరు కొరకు ఇంత దూరము నడిచినవారి పేర్లు మన చేతులలో పోకూడదు.